పాత వేట రైఫిల్‌కు చేత్తో నింపిన తూటాలు: ఏవి వాడవచ్చు, ఏవి పక్కన పెట్టాలి?

నమస్కారం. ఈ రోజు మాట్లాడేది పాత వేట రైఫిళ్ల కోసం చేత్తో నింపిన తూటాల గురించి. తూటా అంటే ఇత్తడి కేసు, అందులో పేలుడు మందు, అడుగున ఆ మందును అంటించే ప్రైమర్, కొసన బయటికి దూసుకెళ్లే గుండు. గురి ఎంత బాగా కుదురుతుందన్నది తర్వాత చూద్దాం. ముందు గొట్టం కొలవాలి.

8×57 మౌజర్ అనే జర్మన్ తూటా సంగతే చూడండి. 1888లో వచ్చిన తూటాలో గుండు వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు. 1905లో జర్మన్ సైన్యం మొనదేలిన గుండుకు మారినప్పుడు అది 8.2 అయింది. తేడా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు! అది కంటికి తెలియదు. ఇరుకు గొట్టంలో పెద్ద గుండు పేలిస్తే మాత్రం పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. తూటా పేరు చివర 'ఎస్' ఉంటే పెద్ద గుండని అర్థం. పాత రైఫిల్ మీది ముద్రలను గుడ్డిగా నమ్మకండి, మధ్యలో ఎవరైనా గొట్టం మార్చి ఉండవచ్చు. తుపాకులు బాగుచేసే నిపుణుడు మెత్తని సీసం ముక్కను గొట్టం గుండా నెట్టి, బయటికి వచ్చాక మైక్రోమీటరుతో కొలుస్తాడు. ఆ అంకె తెలిశాకే గుండు ఎంచుకోండి.

రెండోది మందు. "పాత తుపాకీ కదా, మందు తగ్గిస్తే సరి" అనే మాట తరచూ వింటాను. నాకు అది నచ్చదు. నెమ్మదిగా మండే మందును కనిష్ఠ మోతాదు కంటే తగ్గిస్తే పీడనం అదుపు తప్పే అవకాశం ఉంది. త్వరగా మండే మందు కొంచెమే పడుతుంది కాబట్టి, పొరపాటున రెండుసార్లు పోసినా కేసు పొంగదు, కంటికీ తెలియదు. మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో కనిష్ఠం ఎంత ఉందో అక్కడే మొదలుపెట్టాలి.

పాత రైఫిల్‌తో పాటు ఒక డబ్బాలో ఎవరో నింపిన తూటాలు కూడా వస్తుంటాయి. మందు పేరు, బరువు, గుండు బరువు, తేదీ రాసి లేకపోతే వాటిని పేల్చవద్దు. తూకం వేసి తేల్చుకుందామంటారా? ఇత్తడి కేసుల బరువుల్లోనే మందు మోతాదు తేడాను మించిన తేడాలు ఉంటాయి. విప్పించి, మందు పారేయించండి.

లీ ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్ ఉన్నవాళ్లు వాడిన కేసులను జాగ్రత్తగా చూడాలి. వీటి ఛాంబర్లు (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) వదులుగా ఉంటాయి, అందుకే కేసు సాగుతుంది. అడుగుకు కొంచెం పైన మెరిసే గీత కనిపిస్తే ఆ కేసు పని అయిపోయినట్టే. కొన వంచిన సన్నని తీగతో లోపల తడిమితే గాడి తగులుతుంది. మళ్లీ నింపేటప్పుడు కేసు మెడను మాత్రమే సరిచేస్తే ఎక్కువ కాలం వస్తుంది.

గుండు ఆకారానికి వస్తే, వించెస్టర్ 1894 లాంటి గొట్టపు మ్యాగజైన్ (తూటాలు నిల్వ ఉండే అర) ఉన్న రైఫిళ్లలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు ఆనుతుంది. గట్టి మొన ఉంటే రైఫిల్ కుదుపుకే ముందుది పేలవచ్చు, కాబట్టి వీటికి చదును మొన గుండే. పాత 7×57 రైఫిల్‌కైతే నా ఓటు 11.2 గ్రాముల గుండ్రని మొన గుండుకి. ఆ గొట్టం లోపల గుండును తిప్పే గాడుల వేగమైన మెలిక అలాంటి పొడుగాటి, బరువైన గుండు కోసమే చేసింది.