దూరపు గ్రూప్ రైడ్‌లో పల్లకీ ఎక్కింది ఎవరు?

నమస్కారం. రెండు వందలు, మూడు వందల కిలోమీటర్ల సైకిల్ గ్రూప్ రైడ్ ముగిశాక ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "వాళ్ళకేమిటి, దారంతా మా వెనకాలే వచ్చారు." ఆ వెంటనే, అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరన్న సామెత కూడా వినిపిస్తుంది. సామెతతో నాకు తగువు లేదు గాని, దాన్ని ఇక్కడ వాడినప్పుడల్లా చిరాకు కలుగుతుంది. ఎందుకంటే ఆ మాట అనేవారిలో చాలామంది, దారి మధ్యలో ఆ గుంపు తెగిపోవడానికి తామే కారణమన్న సంగతి గమనించి ఉండరు. అందుకే ఈ వీడియోలో ఆ పల్లకీనే ముందు పెట్టుకుని, దాన్ని మోస్తున్నది ఎవరో, పడేస్తున్నది ఎవరో లెక్కలతో చూద్దాం.

ఐదుగురు కలిసి 300 కిలోమీటర్ల బ్రెవేకు బయలుదేరారనుకుందాం. బ్రెవే అంటే నిర్ణీత దూరాన్ని గడువులోపు పూర్తి చేసే సైకిల్ రైడ్, పందెం కాదు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు ఉంటుంది; దారిలో హాజరు చూసే కంట్రోల్ పాయింట్లను వాటి వేళల్లో దాటుకుంటూ గడువులోపు చేరితే చాలు, ముందు చేరినవారికి బహుమతీ ఉండదు, ర్యాంకూ ఉండదు. మన ఐదుగురిలో మొదటి రైడర్ అందరికంటే బలమైనవారు. చదును రోడ్డు మీద ఆమె ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో చాలాసేపు నడపగలరు. ఐదో రైడర్ అందరిలో నిదానం. ఒంటరిగా అయితే ఆయన 24 కిలోమీటర్లకు మించి ఎక్కువసేపు నిలబెట్టలేరు. మిగిలిన ముగ్గురూ వీరి మధ్యన ఉంటారు. వీడియో చివరిదాకా ఈ ఐదుగురితోనే మనకు పని.

(తెరపై: ఒకరి వెనక ఒకరుగా ఐదు సైకిళ్ళు, వాటి మీదుగా గాలి గీతలు.)

గాలి నిరోధక బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి కాళ్ళు ఇవ్వవలసిన శక్తి వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. రైడర్ బరువు 75 కిలోలు, సైకిలూ సామానూ కలిపి 10 కిలోలు, గాలి వీచని చదును రోడ్డు, మరీ వంగకుండా మామూలుగా కూర్చున్న భంగిమ అనుకుని నేను లెక్క కట్టాను. ఒంటరిగా 24 కిలోమీటర్ల వేగానికి సుమారు 95 వాట్లు, 27కు 126 వాట్లు, 30కి 163 వాట్లు అవసరమవుతాయి. అంటే 24 నుంచి 30కి వేగం పెరిగింది నాలుగో వంతే అయినా, శ్రమ 70 శాతానికి పైగా పెరిగింది. మీ శరీరాన్ని బట్టి, టైర్లను బట్టి ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు గాని, వాటి మధ్య నిష్పత్తి పెద్దగా మారదు.

ఇప్పుడు డ్రాఫ్టింగ్ సంగతి, అంటే ముందున్న సైకిల్ చాటున గాలి తప్పించుకుంటూ నడపడం. ముందున్న చక్రానికి దగ్గరగా నడిపేవారికి గాలి నిరోధం మూడో వంతుకు కాస్త పైగా తగ్గుతుంది. ఆ తగ్గింపును లెక్కలో వేస్తే, 27 వేగంతో వెళ్తున్న గుంపు వెనక ఉన్న ఐదో రైడర్‌కు అయ్యే శ్రమ దాదాపు 95 వాట్లు. ఆయన ఒంటరిగా 24తో వెళ్ళేటప్పుడు పడే శ్రమ కూడా సరిగ్గా అంతే కదా. దీన్నిబట్టి ఆయన పల్లకీలో కూర్చోలేదని తేలుతోంది. తన టైర్ల రాపిడినంతా తానే భరిస్తూ, గాలిలో కూడా దాదాపు రెండు వంతులు తానే చీల్చుకుంటూ, తన శక్తి మేరకు పల్లకీ వెనక దండె మోస్తున్నారు. పైగా చక్రం వెనక చక్రం ఉండడం వల్ల, ముందున్న రైడర్ వీపు వెనక ఏర్పడే తక్కువ పీడనం కొంత సర్దుకుని, ముందు దండె మోసేవారికి కూడా కొద్దిపాటి మేలు జరుగుతుంది. ఈ మేలు చాలా చిన్నదే గాని, "ఊరికే వచ్చారు" అనే వారికి ఇది గుర్తు చేయడం నాకు సరదా.

అసలు చిక్కు 30 దగ్గర మొదలవుతుంది. మొదటి రైడర్ తనకు సుఖంగా ఉందని గుంపును 30తో లాగితే, వెనకాల గాలి నీడలో ఉన్న ఐదో రైడర్‌కు కూడా 120 వాట్లు దాటుతాయి. ఆయన ఆ శ్రమను గంటసేపు భరిస్తారు, బహుశా రెండు గంటలు భరిస్తారు, ఆ పైన ఆయన కాళ్ళు చెల్లవు. కాబట్టి గుంపు వేగాన్ని నిర్ణయించవలసింది అందరికంటే బలమైన రైడర్ కాళ్ళు కావు, అందరికంటే నిదానమైన రైడర్ నీడలో ఎంత వేగం భరించగలరన్నదే. మన ఐదుగురికీ ఆ వేగం 27. బలమున్న బోయీ తన బలాన్ని బరువు మోయడంలో చూపించాలి గాని, అంగలు పెంచడంలో చూపిస్తే పల్లకీ ఒరిగిపోతుంది.

మరి బలమున్నవారి బలమంతా వృథాయేనా అంటే, కానే కాదు. ఆ బలాన్ని వేగంగా కాక సమయంగా ఖర్చు చేయాలి. మొదటి రైడర్ 27 వేగంతోనే పదిహేను నిమిషాలు ముందుండవచ్చు. మధ్యనున్నవారు ఐదు నిమిషాలు చొప్పున ఉండవచ్చు. ఐదో రైడర్ ఒక్క నిమిషం ఉన్నా మంచిదే, అసలు ముందుకు రాకపోయినా తప్పు లేదు. అందరూ సమానంగా వంతులు వేసుకోవాలన్న నియమం వినడానికి న్యాయంగా ఉంటుంది గాని, నా ఉద్దేశంలో దూరపు రైడ్‌ను చెడగొట్టడానికి దాన్ని మించినది లేదు. ఎత్తు పొడుగులు వేరైన బోయీలకు ఒకే కొలత పెట్టినట్టు, అది కొందరి భుజాలను వంచేసి మరికొందరి భుజాలను ఖాళీగా ఉంచుతుంది.

భుజం మార్చుకునే పద్ధతిలోనూ ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. ముందున్నవారు పక్కకు తప్పుకుని, బ్రేకు వేయకుండా పెడల్ ఒత్తిడి తగ్గించి వెనక్కు జారుకుంటారు. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. కొత్తగా ముందుకు వచ్చినవారు మాత్రం, తామూ తక్కువ కాదని చూపించాలనో, ఎదురుగా ఖాళీ రోడ్డు కనిపించిన ఉత్సాహంతోనో, ఒక్కసారిగా వేగం పెంచేస్తారు. సరిగ్గా ఆ క్షణంలోనే, అంతవరకు ముందుండి అలసిపోయిన వ్యక్తి చివరి చక్రాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తూ ఉంటారు. ముందుకు వచ్చినవారు చేయవలసింది అంతకు ముందున్న వేగాన్ని అలాగే కొనసాగించడమే. గాలిలోకి వచ్చాక ఆ పాత వేగానికే ఎక్కువ శ్రమ అవుతుంది కనుక, వేగాన్ని మీటర్‌లో చూసుకోవాలి, కాళ్ళను నమ్ముకోకూడదు.

ఈ ఆలోచన నేను కొత్తగా కనిపెట్టింది కాదు. టూర్ డి ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్ 1904లో ఆడాక్స్ అనే దూరపు గుంపు రైడ్లకు నియమాలు పెట్టారు. ఆ పద్ధతిలో గుంపంతా, ముందుండి నడిపించే రోడ్ కెప్టెన్ల వెనకే, నిర్ణయించిన వేగంతోనే వెళ్ళాలి. ఆ సంప్రదాయం ఇప్పటికీ గంటకు 22.5 కిలోమీటర్ల వేగంతో నడుస్తోంది, అందులో కెప్టెన్‌ను దాటి ముందుకు పోవడానికి వీల్లేదు. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిజియాన్ ఆ పద్ధతినుంచి విడిపోయి, ఎవరి వేగంతో వారు వెళ్ళే బ్రెవేలను మొదలుపెట్టింది. 1200 కిలోమీటర్లకు 90 గంటల గడువుండే నేటి పారిస్-బ్రెస్ట్-పారిస్ ఆ దారిలోనిదే. స్వేచ్ఛ మంచిదే, నేనూ దాన్నే ఇష్టపడతాను. అయితే స్వేచ్ఛతో పాటు రోడ్ కెప్టెన్ కూడా పోయారు కనుక, ఆ బాధ్యత ఇప్పుడు గుంపులో అందరికంటే బలమైనవారి మీద పడుతుందని చాలామందికి తోచదు.

(తెరపై: రెండు కిలోమీటర్ల క్లైంబ్, వాలు 6 శాతం.)

ఇక కొండ దగ్గరకు వద్దాం, గుంపులు తెగేది ఎక్కువగా ఇక్కడే. 6 శాతం వాలు మీద గంటకు 12 కిలోమీటర్లతో ఎక్కేటప్పుడు, బరువును పైకి లాగడానికే సుమారు 167 వాట్లు పోతాయి, గాలికి పోయేది 8 వాట్లే. అంటే డ్రాఫ్టింగ్ వల్ల మిగిలేది మూడు వాట్లు కూడా ఉండదు. అందుచేత కొండ మీద కలిసి ఉండాలన్న పట్టుదల వల్ల ప్రయోజనం లేదు. ఎవరికి తగిన వేగంతో వారు ఎక్కడమే మంచిది. మొదటి రైడర్ 12 వేగంతో పది నిమిషాల్లో ఎక్కారు, ఐదో రైడర్ 10 వేగంతో పన్నెండు నిమిషాల్లో ఎక్కారు అనుకుందాం. తేడా రెండు నిమిషాలు మాత్రమే.

ఇప్పుడు శిఖరం మీద ఏం జరుగుతుందో గమనించండి. ముందు దండె పట్టినవారు గట్టెక్కారు, వెనకవారు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ఆ సమయంలో ముందున్నవారు అంగలు సాచితే వెనకవారి భుజం మీది దండె జారిపోతుంది. మన లెక్కలో, మొదటి రైడర్ ఆగకుండా 27 వేగంతో సాగిపోతే రెండు నిమిషాల్లో 900 మీటర్ల దూరం ఏర్పడుతుంది. ఐదో రైడర్ ఒంటరిగా 24తో వెళ్తే ఆ దూరం పెరగడమే గాని తరగదు. అందుకోవాలంటే ఆయన 30తో వెళ్ళాలి; అప్పుడు గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున మాత్రమే దగ్గరవుతారు కనుక, 900 మీటర్లు పూడ్చడానికి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆయన గాలికి ఎదురుగా 163 వాట్లు, అంటే తన మామూలు శ్రమకు 1.7 రెట్లు, ఇవ్వవలసి ఉంటుంది. పైన ఉన్నవారు రెండు నిమిషాలు నిదానిస్తే ఇదంతా తప్పిపోతుంది! "మేము ఎంతసేపని ఆగుతాం" అని విసుక్కునేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నా విన్నపం. ఆగడం ఇష్టం లేకపోతే పెడల్స్‌ను తేలికగా తిప్పుతూ పోవచ్చు. అందరూ కలిశాక, చివరి వ్యక్తి రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకున్నాకే వేగం పెంచాలి. ఆయన చేరీ చేరగానే బయలుదేరితే, విశ్రాంతి అంతా బలమున్నవారికే దక్కినట్టు.

ఈ వెంటాట వల్ల కనిపించని నష్టం మరొకటి ఉంది. శక్తికి మించి ముందున్న చక్రాన్ని వెన్నంటి వెళ్ళే వ్యక్తి హ్యాండిల్ మీంచి చెయ్యి తీయడానికి భయపడతారు. అందువల్ల నీళ్ళు తాగరు, ఏమీ తినరు. శరీరంలో నిల్వ ఉండే పిండిపదార్థం పరిమితం, శ్రమ తీవ్రత పెరిగేకొద్దీ అది మరింత త్వరగా కరుగుతుంది. ఒకవైపు ఖర్చు పెరిగి, మరోవైపు గంటకు తీసుకోవలసిన అరవై గ్రాముల పిండిపదార్థమూ అందకపోతే, 200 కిలోమీటర్ల దగ్గర ఆ మనిషి బాంక్ అయి, అంటే ఒంట్లో నిల్వ అయిపోయి, కూలబడతారు. అప్పుడు అందరూ ఆయన కాళ్ళు బలహీనమంటారు గాని, పొద్దున కొండ మీద జరిగినది ఎవరికీ గుర్తుండదు.

ఆగే సమయాల సంగతి కూడా చెప్పాలి. 300 కిలోమీటర్లను 25 సగటు వేగంతో నడిపితే పన్నెండు గంటలు, 30 సగటుతో నడిపితే పది గంటలు. తేడా రెండు గంటలు. ఆరు చోట్ల ఆగి, ఒక్కో చోట ఇరవై నిమిషాలు తగ్గించుకున్నా మిగిలేది అవే రెండు గంటలు, దానికి ఒక్క వాటు కూడా అదనంగా అక్కర్లేదు. సమస్య ఏమిటంటే, ఒకరు సీసాలు నింపుకునేటప్పుడు మరొకరు ఫోన్ చూసుకుంటారు, అందరూ సిద్ధమయ్యాక మూడోవారు బాత్రూమ్‌కు వెళ్తారు. పల్లకీని దింపేటప్పుడు అందరూ ఒకేసారి దింపాలి, ఎత్తేటప్పుడు ఒకేసారి ఎత్తాలి. ఆగడానికి ముందే "పది నిమిషాలు" అని ఒకరు గట్టిగా చెప్పడం మంచి అలవాటు.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. రాత్రి పూట చేతి సైగలు కనిపించవు, గుంతలనూ మలుపులనూ నోటితో చెప్పాలి. వెనక లైటును మిణుకుమనే మోడ్‌లో కాక నిలకడగా వెలిగేలా పెట్టుకోవాలి, లేకపోతే మీ వెనకవారికి దూరం అంచనా తప్పుతుంది. రాత్రి చక్రాల మధ్య దూరం పెంచండి, డ్రాఫ్టింగ్ లాభం కొంత పోయినా పర్వాలేదు. ఎవరికైనా నిద్ర ముంచుకొస్తే ఆ గుంపు ఆగవలసిందే, ఇందులో వాదన లేదు.

పక్కగాలి వీచేటప్పుడు గాలి నీడ నేరుగా వెనక కాక ఏటవాలుగా పడుతుంది. రేసుల్లో రోడ్డంతా మూసివేసి ఉంటుంది కనుక అక్కడ ఏటవాలు వరస కట్టగలరు. వాహనాలు తిరిగే రోడ్డు మీద అలా విస్తరించడం ప్రమాదం; వరసగానే వెళ్తూ, వేగం తగ్గించి, ముందుండే వంతులను చిన్నవి చేసుకోండి.

చివరిది, విడిపోవడం గురించి. మన మొదటి రైడర్‌కు ఆ రోజు 30తోనే వెళ్ళాలని ఉంటే అది ఆమె ఇష్టం, బ్రెవేలో ఎవరూ అడ్డు చెప్పరు. అయితే ఆ సంగతి బయలుదేరే ముందే చెప్పాలి; అప్పుడు మిగిలిన నలుగురూ తమ వేగాన్ని, వంతులను వేరుగా నిర్ణయించుకుంటారు. చెప్పకుండా ఎనభయ్యో కిలోమీటరు దాకా అందరినీ 30తో లాగి, ఆ తరువాత వదిలేసి పోవడమే తగదు. విడిపోయేటట్టయితే కంట్రోల్ పాయింట్ దగ్గర విడిపోండి. ఐదో రైడర్ ఒంటరిగా మిగలకుండా కనీసం ఒకరు ఆయనతో ఉండేలా, ట్యూబులు, పంపు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకుని మరీ కదలండి.