కొమ్ము దగ్గర ఆగిపోయిన ఫైలు
(ఇంజనీరింగ్ విద్యార్థుల కోడింగ్ వర్క్‌షాప్ ప్రారంభ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, డిపార్ట్‌మెంట్ మేడమ్ గారికి, ఈ ఎండలో శాలువా కప్పిన కుర్రాళ్ళకి కృతజ్ఞతలు. నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి, మిగతా సగం మొహమాటానికి చెప్పింది.

కోడ్‌లో ఫైళ్ళు చదవడం, ఎడిటర్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, వాడటం గురించి మాట్లాడమన్నారు. మొదటి సంగతి చప్పున చెప్పేస్తాను. "ఫైలు అక్కడే ఉంది సార్, అయినా నో సచ్ ఫైల్ అంటోంది" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. ఫైలు అక్కడే ఉంటుంది, మీ ప్రోగ్రామే వేరేచోట నిలబడి వెతుకుతోంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో మీరు ఏ ఫోల్డర్ తెరిచారో, ప్రోగ్రాము నడిపే టెర్మినల్ మామూలుగా అక్కడే మొదలవుతుంది, మీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో కాదు. పైథాన్‌లో ఫైలుకి దారి కట్టడానికి పాత్‌లిబ్ ఉంది. స్క్రిప్ట్ ఉన్న చోటు నుంచి దారి కట్టుకోండి, ఆ గొడవ ఉండదు.

ఫైళ్ళు చదవడంలోనే ఇంకో చిక్కుంది, అది అలా తేలదు. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు తెరవండి, పర్లేదు. నోట్‌ప్యాడ్‌లో "రాధ" అని తెలుగులో రాసి సేవ్ చేయండి. విండోస్‌లో ఇప్పుడు వాడుతున్న పైథాన్‌తో, ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతి, ఏదీ చెప్పకుండా, మామూలుగా ఓపెన్ చేసి చదవండి. ఏదో పిచ్చి రాత వస్తుంది: నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లిష్ ఎ, దాని పక్కన రెండు డిగ్రీ గుర్తులు, మళ్ళీ అదే ఎ. సరే, ఇప్పుడు "రాధ" తీసేసి "రాము" అని రాయండి. ఈసారి పిచ్చి రాత కూడా రాదు, ప్రోగ్రామే ఆగిపోతుంది. 81 అనే బైటును, అంటే ఫైల్లో దాచిన ఒక అంకెను, చదవలేనంటుంది.

రాధ చేసిన పుణ్యమేమిటి, రాము చేసిన పాపమేమిటి?

యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ప్రతి తెలుగు కోడ్, అంటే అక్షరమో గుర్తో, మూడు బైట్లు. కొమ్ముకి హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో, ఇ0, బి1, 81. మన విండోస్ మెషీన్లలో పైథాన్ డిఫాల్ట్‌గా పట్టుకునేది 1252 అనే పాత పాశ్చాత్య పట్టిక, ఏ బైటుకి ఏ అక్షరమో చెప్పేది. అందులో ఐదు గళ్ళు ఖాళీ: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డి. ఏ, ఐ, ఝ మిగతా మూడు గళ్ళలో పడతాయి. ఇక చూసుకోండి, కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగులో ఎంతసేపు రాయగలరు? ఒత్తక్షరం రాస్తే మధ్యలో పొల్లు కోడ్ ఉండాల్సిందే. కృష్ణ దగ్గర ఆగుతుంది, లక్ష్మి దగ్గర ఆగుతుంది, మన భాష పేరు దగ్గరే ఆగుతుంది.

"వీఎస్ కోడ్‌లో బాగానే కనిపిస్తోంది కదా సార్" అంటారు. ఎడిటర్ డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8 అనుకుని చదువుతుంది, కింద కుడి మూల రాసి ఉంటుంది చూడండి. మీ పైథాన్ అలా అనుకోదు. ఓపెన్ అని రాసినప్పుడల్లా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పక్కన రాయండి. పైథాన్ 3.15 నుంచి దాన్నే డిఫాల్ట్ చేయాలని పైథాన్ తయారుచేసేవాళ్ళే నిర్ణయించారు, మంచిదే. మీ ల్యాబ్‌లో అది పడేసరికి మీరు పాసైపోయి ఉంటారు.

ఎక్స్‌టెన్షన్ల సంగతికి వస్తాను. వస్తాను గానీ, ముందు మా ఊరి గ్రంథాలయం గురించి చెప్పాలి. నిజం చెప్పాలంటే ఇది చెప్పడానికే వచ్చాను.

అక్కడ రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పుస్తకాల జాబితా మొత్తం యూనికోడ్‌లో టైపు చేశారు. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక కూడా చేశారు. పుస్తకం పేరు, రచయిత, ఏ బీరువా, ఏ అర. వెబ్‌సైట్ కట్టిస్తామని ఒక సంస్థవాళ్ళు వచ్చి ఫైలు తీసుకెళ్ళారు. ఎక్సెల్‌లో తెరిచి, సీఎస్‌వీ అని, అంటే కాలమ్‌ల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, సేవ్ చేసి, అసలు ఫైలు తీసేశారు. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనేది అదే లిస్టులో ఉంటుంది, అది నొక్కలేదు. జాబితా అంతా ప్రశ్నార్థకాలు. బీరువా నంబర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి!

వాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగిందేమిటో తెలుసా? "దీన్ని బాగుచేసే ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉందా అండీ?"

హెక్స్ ఎడిటర్ అని ఫైల్లోని బైట్లు చూపించే ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, దాంతో తెరిచి చూశాను. 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్, అంటే అన్నీ ప్రశ్నార్థకాలే. "తెలుగు" అనే మాటకి పద్దెనిమిది బైట్లుండాలి, ఆరు ప్రశ్నార్థకాలున్నాయి. ఇందాక రాధకి వచ్చిన పిచ్చి రాత వేరు, అందులో బైట్లు అన్నీ ఉన్నాయి, సరైన ఎన్‌కోడింగ్‌తో మళ్ళీ తెరిస్తే రాధ తిరిగొస్తుంది. ఇక్కడ త అయినా ల అయినా అదే 3ఎఫ్. ఏది ఏదో చెప్పడానికి ఫైల్లో ఏమీ మిగల్లేదు.

మాస్టారు ఒక్క మాట అనలేదు. నాకే కోపం ఆగలేదు, ఇప్పటికీ ఆగలేదు, క్షమించండి.

ఎక్స్‌టెన్షన్లు వాడొద్దని కాదు. రెయిన్‌బో సీఎస్‌వీ వేసుకోండి, కాలమ్‌కో రంగు చూపిస్తుంది, కామా ఎక్కడ తప్పిందో ఇట్టే తెలుస్తుంది. కానీ మీరు వేసుకునే ప్రతి ఎక్స్‌టెన్షనూ ఫైళ్ళు చదవగలిగేదే. ఎడిటర్‌కి ఉన్న అనుమతులన్నీ దానికీ ఉంటాయి: చదవగలదు, రాయగలదు, నెట్‌కి పంపగలదు. మీ పాస్‌వర్డ్‌లు దాచుకున్న డాట్ ఈఎన్‌వీ ఫైలు కూడా దానికి కనిపిస్తుంది. థీమ్ అందంగా ఉందని వేసుకునేముందు తయారుచేసింది ఎవరో చూడండి. ఫోల్డర్ తెరిచినప్పుడు అందులోని ఫైళ్ళు రాసినవాళ్ళని నమ్ముతారా అని వీఎస్ కోడ్ అడుగుతుంది, మనం చదవకుండానే అవునంటాం.

మేడమ్ గారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. గ్రంథాలయం కార్డులు ఇంకా చెక్క పెట్టెల్లో ఉన్నాయి. మాస్టారు కార్డు చదివితే పక్కన కూర్చుని టైపు చేసేవాళ్ళు కావాలి. ఈ ఆదివారం మొదలుపెడదామనుకుంటున్నాం. ఎవరొస్తారు? చేతులెత్తండి... వెనక వరసలో ఆ అమ్మాయి, ఇటువైపు ఇద్దరు, మంచిది. సభ అయ్యాక పేర్లివ్వండి. ల్యాప్‌టాప్ ఫుల్ చార్జింగ్‌తో తెచ్చుకోండి, అక్కడ ప్లగ్ పాయింట్ ఒక్కటే పనిచేస్తోంది.