ఫ్రెండ్ లైఫ్ 20 దగ్గరే ఉంటుంది, అయినా ఓడిపోతాడు: చవకలో మిల్ డెక్

హాయ్ అండి అందరికీ. ఇవాళ సోది లేకుండా నేరుగా డెక్ లోకి వెళ్ళిపోదాం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో చవకగా కట్టుకోగలిగే డెక్ ఒకటి చూపిస్తాను, ఇది టోర్నమెంట్ కోసం కాదు, ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని ఆడుకునే గ్యాంగ్ కోసం. మీ గ్యాంగ్ లో కూడా ఒకడు ఉండే ఉంటాడు, వాడి డెక్ లో ఒక్క లాండ్స్ (మానా ఇచ్చే కార్డులు, మానా అంటే మిగతా కార్డులు వేయడానికి కట్టే శక్తి) ఖర్చుతోనే మనం మూడు నాలుగు డెక్ లు కట్టుకోవచ్చు, అలాంటోడితో వాడి ఆటే వాడి పద్ధతిలోనే ఆడితే గెలవడం కష్టమండి, వాడి దగ్గర మంచి క్రీచర్స్, అంటే కొట్లాడే కార్డులు, ఉన్నాయి, మనకి లేవు, అంతే. కాబట్టి వాడు లెక్క పెట్టుకోని చోట కొట్టాలి.

వాడు దేన్ని లెక్క పెడతాడు? లైఫ్ ని, అంటే 20 తో మొదలై సున్నా అయితే ఓడిపోయే అంకెని. 20 నుంచి 17, 17 నుంచి 12, అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. కానీ మ్యాజిక్ లో ఇంకో రూల్ ఉంది, మొదటి నుంచీ ఉంది, కార్డు తీయాల్సిన టైమ్ లో మీ డెక్ ఖాళీగా ఉంటే మీరు ఓడిపోయినట్టే. మన రమ్మీలో అయితే మధ్యలో కట్ట అయిపోతే పడేసిన ముక్కలన్నీ తీసి మళ్ళీ కలిపి పెట్టేస్తాం, ఆట ఆగదు, ఇక్కడ అలా కుదరదు. మిల్ అంటే ఇదే, ఎదుటివాడి డెక్ పైనుంచి కార్డులు తీసి నేరుగా గ్రేవ్‌యార్డ్ లో, అంటే అయిపోయిన కార్డుల కుప్పలో, పడేయడం, డెక్ మొత్తం అయిపోయే దాకా.

ఇప్పుడు మన హీరో కార్డు, పర్సిస్టెంట్ పిటిషనర్స్. 2019 జనవరిలో వచ్చిన రావ్నికా అలీజియన్స్ సెట్ లోది, కామన్ కార్డు, రెండు మానా, బ్లూ, 1/3 బాడీ, అంటే కొట్టే పవర్ 1, తట్టుకునే బలం 3. చూస్తే ఎవడూ పట్టించుకోడు. కింద రాసింది చదవండి కానీ. ఒకటి, ఒక మానా ఇచ్చి దీన్ని ట్యాప్ చేస్తే, అంటే వాడేసినట్టు పక్కకి తిప్పితే, ఒక కార్డు మిల్. రెండు, మీ దగ్గరున్న నాలుగు అడ్వైజర్స్ (ఇదొక క్రీచర్ రకం) ని ట్యాప్ చేస్తే 12 కార్డులు మిల్. ఈ పిటిషనర్లు అడ్వైజర్సే కాబట్టి నాలుగు పిటిషనర్లు చాలు. మూడోది అసలైనది, ఈ పేరున్న కార్డులు డెక్ లో ఎన్నైనా పెట్టుకోవచ్చు. మామూలుగా బేసిక్ లాండ్స్ తప్ప ఏ కార్డైనా నాలుగు కాపీలే కదా, దీనికి ఆ లిమిట్ లేదు.

ఇలాంటి కార్డులు మ్యాజిక్ లో కొన్ని ఉన్నాయి లెండి, 2004 లో రిలెంట్‌లెస్ ర్యాట్స్, 2018 లో ర్యాట్ కాలనీ, 2024 లో హేర్ అపారెంట్ అని కుందేళ్ళు, కానీ అవన్నీ క్రీచర్స్ ని పోగేసి అటాక్ చేసేవి, వాటిని చూడగానే ఫ్రెండ్ కి విషయం అర్థమైపోతుంది. పిటిషనర్లతో అర్థమయ్యేలోపు సగం డెక్ పోతుంది.

నేను పెట్టుకున్న లిస్ట్ చెప్తాను, రాసుకోండి. ఐలాండ్స్ (బ్లూ మానా ఇచ్చే లాండ్స్) 23, పిటిషనర్స్ 22, రూయిన్ క్రాబ్ 4, డ్రౌండ్ సీక్రెట్స్ 3, ఇంటు ద స్టోరీ 4, ఈథరైజ్ 4. మొత్తం 60. 22 ఎందుకంటే, మనం రెండో ప్లేయర్ గా మొదలుపెడితే నాలుగో టర్న్ కి 11 కార్డులు చూస్తాం, అందులో సగటున నాలుగు పిటిషనర్లు, నాలుగు లాండ్స్ వస్తాయి, సరిగ్గా మనకి కావలసినవి అవే. నాలుగు కాపీలే ఉండే మామూలు కార్డైతే అదే 11 కార్డుల్లో సగటున ఒక్కటి కూడా రాదు. అందుకే ఈ డెక్ ఏ ఆటకి ఆ ఆట ఒకేలా నడుస్తుంది, ఖరీదైన డెక్ లకి కార్డులు వెతికి తెచ్చే కార్డులు వేరే కొనాల్సి వస్తుంది, మనకి ఆ ఖర్చే లేదు.

సరే, ఇప్పుడు జాగ్రత్తగా వినండి, వీడియో మొత్తంలో ముఖ్యమైన ముక్క ఇది. నాలుగో టర్న్. మీ టేబుల్ మీద రెండు పిటిషనర్లు ఉన్నాయి, ఫ్రెండ్ నిశ్చింతగా ఉన్నాడు, రెండు 1/3 లు ఏం పీకుతాయిలే అని. మీకు నాలుగు లాండ్స్ ఉన్నాయి, ఇంకో రెండు పిటిషనర్లు దించారు, మానా అంతా అయిపోయింది. ఫ్రెండ్ ఏమనుకుంటాడు, ఇవి ఇప్పుడే వచ్చాయి, సమనింగ్ సిక్‌నెస్ ఉంది, వచ్చే టర్న్ దాకా ట్యాప్ చేయలేడు అని. అక్కడే దొరుకుతాడు. సమనింగ్ సిక్‌నెస్ ఆపేది అటాక్ ని, ఇంకా ఆ క్రీచర్ కి ఉన్న ట్యాప్ గుర్తుతో పనిచేసే ఎబిలిటీస్ ని. ఒక కార్డు మిల్ చేసే ఎబిలిటీలో ఆ వంకర బాణం గుర్తు ఉంది, కాబట్టి అది ఆగుతుంది. 12 కార్డుల ఎబిలిటీలో గుర్తు లేదు, నాలుగు అడ్వైజర్స్ ని ట్యాప్ చేయమని మాటల్లో రాసుంది అంతే, మానా కూడా అడగదు. కాబట్టి ఇప్పుడే వచ్చిన రెండింటితో కలిపి నాలుగూ అక్కడికక్కడే ట్యాప్, 12 కార్డులు ఫట్. వాడు ఒప్పుకోడు, గొడవ పడతాడు, కార్డు చేతికిచ్చి చదువుకోమనండి.

లెక్క ఎలా వెళ్తుందో చూడండి. వాడి డెక్ 60, మొదట చేతిలోకి 7 పోతే 53. మన నాలుగో టర్న్ కి వాడు ఇంకో మూడు తీసుంటాడు, 50. మనం 12 పీకితే 38. వాడు ఒకటి తీస్తాడు 37, మనం మళ్ళీ 12, 25. తర్వాత 24 లోంచి 12, ఆ తర్వాత 11, మన ఏడో టర్న్ లో అదీ సున్నా. తర్వాత వాడి టర్న్ వస్తుంది, కార్డు తీయబోతాడు, లేదు. లైఫ్ 20 కి 20 అలాగే ఉంటుంది. ఇది క్రాబ్, డ్రౌండ్ సీక్రెట్స్ ఏవీ కలపకుండా చెప్పిన లెక్క. రూయిన్ క్రాబ్ ఒక్క మానా, అది ఉన్నప్పుడు మీరు లాండ్ వేసిన ప్రతిసారీ మూడు కార్డులు పోతాయి. డ్రౌండ్ సీక్రెట్స్ ఉంటే మీరు వేసే ప్రతి బ్లూ స్పెల్ కీ రెండు పోతాయి, మన డెక్ లో లాండ్స్ తప్ప అన్నీ బ్లూనే.

ఇక బతికి ఉండడం సంగతి. 1/3 అంటే చిన్న క్రీచర్స్ ని బాగానే ఆపుతుంది, రెండు పవర్ వాడు వస్తే నిలబడి ఆపేస్తుంది. సర్‌ప్రైజ్ అయిపోయాక, అంటే మొదటిసారి 12 చూపించేశాక, మీ టర్న్ లో ట్యాప్ చేయడం మానేయండి. ఎందుకంటే ట్యాప్ అయి ఉంటే బ్లాక్ చేయలేవు, అంటే అటాక్ కి అడ్డు నిలబడలేవు కదా. వాడి టర్న్ దాకా ఆగండి, వాడు అటాక్ చేస్తాడు, మీరు బ్లాకర్స్ డిక్లేర్ చేయండి, ఆ తర్వాత అవే బ్లాకర్స్ ని ట్యాప్ చేసి 12 మిల్ చేయండి. ఒకసారి బ్లాక్ చేశాక ట్యాప్ అయినా బ్లాక్ పోదు. వెంటనే మీ టర్న్ లో అన్నీ అన్‌ట్యాప్ అయిపోతాయి. ఒకే క్రీచర్ తో రెండు పనులన్నమాట. వాడు ఒక పిటిషనర్ ని చంపడానికి స్పెల్ వేసినా అంతే, చచ్చేలోపు రెస్పాన్స్ లో నాలుగూ ట్యాప్ చేసేయండి. చివరి 12 మాత్రం వాడి అప్‌కీప్ లో, అంటే వాడి టర్న్ మొదట్లో, చేయండి, ఆ వెంటనే వచ్చేది కార్డు తీసే డ్రా స్టెప్, వాడికి ఇంకేం చేసే సందు పెద్దగా ఉండదు.

నాకు ఈ డెక్ లో బాగా నచ్చేది ఇంకోటి ఉందండి. ఈథరైజ్ నాలుగు మానా ఇన్‌స్టంట్, అంటే ఎదుటివాడి టర్న్ లో కూడా వేయగలిగే కార్డు, అటాక్ కి వచ్చిన క్రీచర్స్ అన్నిటినీ తిరిగి చేతిలోకి పంపేస్తుంది. ఇంటు ద స్టోరీ ఏడు మానా, కానీ ఎదుటివాడి గ్రేవ్‌యార్డ్ లో ఏడు కార్డులుంటే మూడు తగ్గి నాలుగు మానానే, నాలుగు కార్డులు తీసుకోవచ్చు, అదీ ఇన్‌స్టంటే. ఒక్కసారి 12 మిల్ చేశామంటే ఆ షరతు తీరిపోయినట్టే. సో నాలుగు లాండ్స్ ఖాళీగా ఉంచి టర్న్ ఇచ్చేయండి. వాడు అందరితో మీద పడితే ఈథరైజ్, అనుమానమొచ్చి ఆగిపోతే టర్న్ చివర్లో నాలుగు కార్డులు. వాడు ఏం చేసినా మనకి పని ఉంటుంది.

ఇంకో మాట, వాడి బెస్ట్ కార్డు మిల్ లో పోగానే వాడు లబోదిబోమంటాడు. నిజానికి డెక్ కలిపాక ఆ కార్డు పైన ఉన్నా అడుగున ఉన్నా ఛాన్స్ ఒకటే, డెక్ అయిపోయేదాకా మనం వాడికి చేసిన నష్టమేమీ లేదు. కానీ వాడు కంగారుపడి తప్పు అటాక్ లు చేస్తాడు, అది మనకి లాభం.

డబ్బు విషయం. 22 కాపీలు కావాలి కాబట్టి ఒక్కో కాపీ రేటుని 22 తో గుణించి చూసుకోండి, ప్యాక్‌లు కొట్టి సంపాదిద్దామనుకోకండి, విడిగా కొనండి. మామూలు ప్రింట్ తీసుకోండి, ఫాయిల్ వద్దు. మన దగ్గర సింగిల్స్ దొరకడం కష్టంగా ఉన్నవాళ్ళు, లేదా కొనే ముందు ఆడి చూద్దామనుకునేవాళ్ళు, కంప్యూటర్ లో, ఫోన్ లో ఆడే మ్యాజిక్ అరీనాలో కట్టుకోండి, అక్కడ ఇలాంటి కార్డులకి నాలుగు కాపీలు ఉంటే చాలు, డెక్ లో ఎన్నైనా పెట్టుకోనిస్తుంది, అంటే నాలుగు కామన్ వైల్డ్‌కార్డ్స్ (కావాల్సిన కామన్ కార్డుగా మార్చుకునేవి) తో పిటిషనర్ల పని అయిపోతుంది.

ఎక్కడ ఆడకూడదో కూడా చెప్పాలి. నలుగురు ఒకేసారి ఆడే టేబుల్ లో ఇది నడవదు, 12 ఒక్కడికే తగులుతుంది, మిగతా ఇద్దరూ మిమ్మల్ని కుమ్మేస్తారు. ఎగిరే క్రీచర్స్ డెక్ కూడా కష్టమే, పిటిషనర్లు బ్లాక్ చేయలేవు. గ్రేవ్‌యార్డ్ లోంచి క్రీచర్స్ ని లేపే నలుపు రంగు డెక్ వాడికైతే మనం వడ్డించినట్టు అవుతుంది. ఎకోయింగ్ ట్రూత్ అని రెండు మానా కామన్ ఉంది, ఒకే పేరున్న వాటన్నిటినీ తిరిగి చేతికి పంపుతుంది, మనవన్నీ ఒకే పేరు కదా, టేబుల్ ఖాళీ. అది పడితే కంగారు లేదు, రెస్పాన్స్ లో ట్యాప్ చేసి, డ్రౌండ్ సీక్రెట్స్ ఉంటే మళ్ళీ దించేటప్పుడు ఒక్కోదానికి రెండేసి పోతాయి.

నెక్స్ట్ వారం మీ ఫ్రెండ్ గయాస్ బ్లెస్సింగ్ పెట్టుకొని వస్తాడు చూడండి, డెక్ నుంచి గ్రేవ్‌యార్డ్ లో పడగానే గ్రేవ్‌యార్డ్ అంతా మళ్ళీ డెక్ లో కలిపేసే కార్డు అది. వాడు ఆ కార్డు పెట్టాడని తెలిసిన రోజున పిటిషనర్స్ ని బాక్స్ లోనే ఉంచి హేర్ అపారెంట్ కుందేళ్ళతో వెళ్ళండి, వాడి డెక్ లో ఆ స్లాట్ దండగైపోతుంది.