మొదటి ఏడాది నష్టం ఎవరిది?

నమస్కారం.

ఊళ్లోకి కొత్త విత్తనమో, యంత్రమో, అప్పు పథకమో తీసుకెళ్లే పనిలో ఉన్న మీతో ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. మార్పు అన్ని గడపలూ ఒకే రోజు తొక్కదు. ఎవరింటికి ముందు వచ్చింది, ఎవరింటికి ఆఖర్న వచ్చింది అన్నదాన్ని బట్టే లాభనష్టాలు తేలతాయి.

అమెరికాలోని అయోవాలో సంకర మొక్కజొన్న ఎలా పాకిందో రయాన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో ప్రచురించారు. 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ మారారు, కానీ అందుకు పదేళ్లు పైనే పట్టింది. విత్తనం సంగతి ఎక్కువమందికి మొదట చెప్పింది అమ్మకందారు. నమ్మకం కలిగించింది మాత్రం పక్క రైతు. 1958లో విల్లార్డ్ కాక్రేన్ అనే అమెరికా వ్యవసాయ ఆర్థికవేత్త ఇంకో సంగతి చూపించారు: ముందు మారినవాడు పాత ధరకు అమ్మి లాభపడతాడు. అందరూ మారేసరికి సరుకు పెరిగి ధర పడిపోతుంది. వెనకొచ్చినవాడు నిలదొక్కుకోవడానికే మారాల్సి వస్తుంది. వెనకుండిపోయిన ఆ పేద రైతును మొండివాడని అనకండి, ఒక్క పంట పోతే తట్టుకోలేడు గనకే ఆగాడు.

కాబట్టి ముందు నెలల పట్టిక వేయించండి. నేల మీద సుద్దతో పన్నెండు గళ్లు, ఐదు వరసలు: పని, రాబడి, ఖర్చు, అప్పు, జబ్బులు. వరసకు ఇరవై గింజలిచ్చి, ఎక్కువున్న నెలలో ఎక్కువ, తక్కువున్న నెలలో తక్కువ పేర్చమనండి. గింజలైతే తప్పనిపించినప్పుడు జరుపుకోవచ్చు, కలంతో రాసింది కొట్టేయడానికి మనిషి జంకుతాడు. భూమి ఉన్నవాళ్లతో, కూలీలతో, ఆడవాళ్లతో విడివిడిగా చేయించాలి. అందర్నీ కలిపి కూర్చోబెడితే పెద్ద కమతం వాళ్ల పట్టికే ఊరి పట్టికై కూర్చుంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. రైతుకు ఖర్చు గింజలు కుప్పపడ్డ నెలే చాలాసార్లు కూలీకి రాబడి నెల.

అప్పు వాయిదాలకూ ఇదే ఆధారం. పంట అప్పుకు నెలనెలా సమాన వాయిదా పెడితే, చేతిలో డబ్బులేని నెలలో ఇంకోచోట అప్పు చేసి కడతారు. పుస్తకంలో వసూలు నూటికి నూరు కనిపిస్తుంది, ఇంట్లో అప్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ప్రయోగానికి కమతంలో పదో వంతు చాలు. పక్కనే పాత పద్ధతి మడి ఉండాలి, నేలా నీరూ ఒకటే కావాలి. అందరికంటే ఉన్నవాడి పొలంలో పెడితే "ఆయనకేం, పోయినా తట్టుకుంటాడు" అంటారు. మధ్యరకం రైతును ఎంచుకుని, పంట పోతే పెట్టుబడిలో ఎంత భాగం పథకం భరిస్తుందో విత్తకముందే కాగితం మీద పెట్టండి. దిగుబడి ఒక్కటే తూయకండి. ఇంటి ఆడవాళ్ల కలుపు తీత రోజులు రెట్టింపైతే, బస్తాలు పెరిగినా ఆ ఇంటికి అది లాభం కాకపోవచ్చు.

ఉమ్మడి యంత్రాలు పాడయ్యేది ఎక్కువగా అద్దె లెక్క దగ్గరే. డీజిలుకూ డ్రైవరుకూ సరిపోయేలా అద్దె పెడతారు. కొన్నాళ్లకు ఏ బేరింగో పోతే బాగుచేయించే డబ్బుండదు, బండి షెడ్డులో పడి ఉంటుంది. మరమ్మతు వాటా, తరుగుదల వాటా మొదటి రోజు నుంచే విడి ఖాతాలో వేయాలి. ఎవరి వంతు ఎప్పుడో చీటీలు తీసి గోడ మీద రాయాలి. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్, చిరకాలం నిలిచిన ఉమ్మడి ఏర్పాట్లలో గమనించిన సంగతులు ఇక్కడ పనికొస్తాయి: నియమాల్లో వాడుకునేవాళ్ల మాట చెల్లుతుంది, కనిపెట్టి ఉండేవాళ్లు వాళ్లకు జవాబుదారీగా ఉంటారు, జరిమానా చిన్నగా మొదలై తప్పు మళ్లీ చేసిన కొద్దీ పెరుగుతుంది. మొదటి తప్పుకే సంఘంలోంచి తీసేస్తే, ఆ మనిషితోపాటు అతని బంధువులూ పోతారు.

కోత యంత్రం కొనాలని తీర్మానం రాసేముందు కూలీల పట్టిక మళ్లీ పరవండి. యంత్రం వస్తే ఏ నెలలో ఎన్ని పని గింజలు పోతాయో వాళ్ల చేతనే తీయించండి. ఖాళీ అయిన ఆ గళ్లలో ఏ పని వస్తుందో, ఎవరికి వస్తుందో తీర్మానంలోనే రాయించండి. జవాబు దొరక్కపోతే కొనుగోలు ఒక సీజను ఆపండి.