స్ట్రాట్‌ఫర్డ్ సంత, చర్చి, రిజిస్టర్లో దొరకని ఒక పెళ్లి

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మాస్టారు మనతో ఉన్నారు. డిగ్రీలో నాకు చరిత్ర చెప్పింది వీరే. మాస్టారూ, ఇంగ్లండులో ఒక సంత ఊరు, దాని చర్చి, అందులోని పాత పెళ్లి రిజిస్టర్లు అన్నారు. ఏ ఊరు?

మాస్టారు: స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ అమ్మాయ్.

హోస్ట్: అంటే షేక్‌స్పియర్ ఊరు!

మాస్టారు: ఆయనదే. అయితే ఇవాళ నాటకాల జోలికి పోను. ముందు ఊరి సంగతి చూద్దాం. వూస్టర్ బిషప్ అక్కడ భూస్వామి. ఊళ్లో వారానికోసారి సంత పెట్టుకోవడానికి 1196లో రాజు మొదటి రిచర్డ్ ఆయనకు అనుమతి ఇచ్చాడు. బిషప్ గారు మంచి రియల్ ఎస్టేట్ బుర్ర. వీధులు గీయించి, ప్లాట్లు వేసి, ఒక్కో ప్లాటుకు ఏడాదికి ఒక షిల్లింగ్ అద్దె కట్టించాడు.

హోస్ట్: చర్చి సంత వీధిలోనే ఉందా?

మాస్టారు: లేదు, అదే విచిత్రం. హోలీ ట్రినిటీ చర్చి నది ఒడ్డున, దూరంగా ఉంటుంది. పాత పల్లె అక్కడుండేది. కొత్త ఊరు దానికి ఉత్తరాన పెరిగింది. బేరానికి ఒకవైపు, పెళ్లికి ఇంకోవైపు నడవాలన్నమాట. షేక్‌స్పియర్ తండ్రి చేతి తొడుగులు కుట్టేవాడు. ఆ పనివాళ్లు సంతలో అమ్ముకునే చోటు హై క్రాస్ దగ్గర.

హోస్ట్: సరే, రిజిస్టర్లు ఎప్పుడు మొదలయ్యాయి?

మాస్టారు: 1538లో. ఎనిమిదో హెన్రీ దగ్గర పనిచేసిన థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చికీ ఆజ్ఞ పంపాడు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ప్రతి ఆదివారం రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర. రాయడం మానేస్తే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. జనం మాత్రం, ఇదేదో కొత్త పన్నుకు లెక్కరా బాబూ అని భయపడ్డారు.

హోస్ట్: మనవాళ్లయినా అదే అనుకునేవాళ్లు లెండి.

మాస్టారు: కాగితం మీద రాసినవి చాలాచోట్ల పాడైపోయాయి. అందుకని 1598లో ఇంకో ఆజ్ఞ వచ్చింది. పాతవన్నీ తోలు పుస్తకాల్లోకి ఎక్కించాలి, ఏటా ఒక నకలు బిషప్‌కి పంపాలి. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఇప్పుడున్నది ఆ ఎత్తి రాసిన పుస్తకమే. అందుకే 1564 నాటి పేజీ కింద కూడా 1597లో వచ్చిన పాదిరి రిచర్డ్ బైఫీల్డ్ సంతకం కనిపిస్తుంది.

హోస్ట్: అంటే షేక్‌స్పియర్ బాప్తిస్మం రాసింది కూడా...

మాస్టారు: చూసి రాసిందే. 1564 ఏప్రిల్ 26న లాటిన్‌లో ఒక్క వరస. జూలై 11 దగ్గర మూడే మాటలు, ‘ప్లేగు ఇక్కడ మొదలైంది’ అని. ఆ తర్వాత సమాధుల వరసలు ఎలా పెరిగాయో నువ్వే ఊహించుకో.

హోస్ట్: ఏటా నకలు పంపే పద్ధతి మన దగ్గర కూడా ఉండేదని ఎక్కడో విన్నాను.

మాస్టారు: ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధుల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లవి.

హోస్ట్: సరే, అసలు విషయానికి రండి. పెళ్లి రిజిస్టర్లో షేక్‌స్పియర్ పేరు ఉందా, లేదా?

మాస్టారు: లేదు. పుట్టినప్పటిది ఉంది, పిల్లలవి ఉన్నాయి, సమాధి ఉంది. పెళ్లి లేదు. వేరే చర్చిలో చేసుకున్నాడు. ఎక్కడన్నది ఇప్పటికీ తేలలేదు.

హోస్ట్: మరి పెళ్లయిందని ఎలా తెలిసింది?

మాస్టారు: బిషప్ ఆఫీసు కాగితాల వల్ల. మామూలుగా పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి.

హోస్ట్: మా చర్చిలో ఇప్పటికీ మూడు వారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అంటారు, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు!

మాస్టారు: అదే. ఈయనకు మూడు వారాలు ఆగే తీరిక లేదు. 1582 నవంబరు చివర. డిసెంబరు 2న ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు వారాలు, మొదలవుతుంది. మనకు మూఢంలో ముహూర్తాలు లేనట్టు, వాళ్లకు అప్పటినుంచి జనవరి 13 దాకా పెళ్లిళ్లు లేవు. వరుడికి 18, వధువుకు 26. ఆమె అప్పటికే గర్భవతి. పెద్ద కూతురు సుసానా బాప్తిస్మం 1583 మే 26న.

హోస్ట్: నవంబరు నుంచి మే... ఆరు నెలలు.

మాస్టారు: పెళ్లికూతురు ఊరు షాటరీ. తండ్రి చనిపోయి ఏడాది దాటింది. ఆ ఊరి రైతులు ఇద్దరు, ఫుల్క్ శాండెల్స్, జాన్ రిచర్డ్‌సన్, వూస్టర్ వెళ్లి 40 పౌండ్లకు హామీ రాసిచ్చారు. స్ట్రాట్‌ఫర్డ్ బడి పంతులు ఏడాది జీతం 20 పౌండ్లు, చూసుకో. పెళ్లిలో ఏ లిటిగేషన్ వచ్చినా ఆ డబ్బు వాళ్లు కట్టాలి. దానిమీద ఒక్కసారే ప్రకటన చదివి పెళ్లి చేసుకోవచ్చని అనుమతి దొరికింది. ఇక్కడే తమాషా. నవంబరు 28 నాటి హామీపత్రంలో వధువు స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథ్‌వే. దానికి ముందు రోజు, 27న, ఆఫీసు పుస్తకంలో టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వాట్లీ!

హోస్ట్: ఇద్దరమ్మాయిలా?

మాస్టారు: ఆ పేరు మీద కొందరు పెద్ద ప్రేమకథే అల్లారు. నాకు నమ్మకం లేదు. అదే రోజు అదే ఆఫీసులో వాట్లీ అనే పాదిరి కేసు ఒకటి నడిచింది. గుమాస్తా చేతికి అలవాటైన పేరు వచ్చేసి ఉంటుంది. మన రేషన్ కార్డుల్లో ఎన్ని పేర్లు అలా మారలేదు? టెంపుల్ గ్రాఫ్టన్ మాత్రం ఉత్తినే రాసి ఉండరు, పెళ్లి అక్కడే జరిగిందేమో. చూద్దామంటే ఆ కాలపు రిజిస్టరు మిగల్లేదు. అక్కడి ముసలి పాదిరి గురించి ఒక సర్వేలో ఏం రాశారో తెలుసా? సరిగ్గా చదవడం రాదు, అసలు పని దెబ్బతిన్న డేగలకు వైద్యం చేయడం అని.

హోస్ట్: (నవ్వు) కూతుళ్ల పెళ్లిళ్లయినా సొంతూళ్లో జరిగాయా?

మాస్టారు: జరిగాయి. 1607 జూన్ 5న సుసానాకు డాక్టర్ జాన్ హాల్‌తో. చిన్నమ్మాయి జూడిత్‌కు 1616 ఫిబ్రవరి 10న థామస్ క్వైనీతో. అది మళ్లీ పెళ్లిళ్లు ఆపే రోజుల్లోనే, ప్రత్యేక అనుమతి లేకుండా. కోర్టు పిలిస్తే అల్లుడు వెళ్లలేదు, వెలి వేశారు. అంతటితో ఆగలేదు. మార్చి 15న మార్గరెట్ వీలర్ అనే ఆమెను, ఆమె బిడ్డను సమాధి చేశారు. ఆమెతో సంబంధం ఉందని క్వైనీ మార్చి 26న చర్చి కోర్టులో ఒప్పుకున్నాడు. దానికి ముందు రోజే మామగారు వీలునామా మార్పించారు.

హోస్ట్: పెళ్లి రిజిస్టర్లో ఇవేమీ ఉండవు కదా?

మాస్టారు: తేదీ, రెండు పేర్లు, అంతే. గొడవ ఎక్కడుందో పక్క పుస్తకంలో వెతకాలి. పెళ్లి పుస్తకం పక్కన సమాధుల పుస్తకం, కోర్టు పుస్తకం పెట్టుకుని చదివేవాడికే కథ దొరుకుతుంది.

హోస్ట్: ఇందాక సంత అన్నారు, మధ్యలో వదిలేశారు.

మాస్టారు: వస్తున్నా. 1653లో రాజు లేడు, క్రామ్‌వెల్ పాలన. ఈయన ఆలివర్, ఇందాకటాయన కాదు. పెళ్లి పాదిరి చేతుల్లోంచి తీసి మేజిస్ట్రేటుకు అప్పగించారు. ప్రకటన చర్చిలో చదివించినా సరే, వద్దనుకుంటే మూడు సంతరోజులు సంతలో చాటించినా సరే. గొర్రెల బేరం మధ్యలో ఫలానా వాడికీ ఫలానా ఆమెకూ పెళ్లి అని కేక. 1660లో రాజు తిరిగొచ్చాక పెళ్లి మళ్లీ చర్చికి వెళ్లింది.

హోస్ట్: సంతకాలు ఎప్పటినుంచి?

మాస్టారు: 1754 మార్చి 25 నుంచి, హార్డ్‌విక్ చట్టంతో. వధూవరులు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రాయడం రాకపోతే ఇంటూ గుర్తు. 1837లో తండ్రి పేరు, తండ్రి వృత్తి గడులు వచ్చాయి.

హోస్ట్: తల్లి పేరో?

మాస్టారు: ఇంగ్లండులో 2021 మే 4న.

హోస్ట్: రెండు వేల ఇరవై ఒకటా! స్కాట్లండులో కూడానా?

మాస్టారు: వాళ్లు 1855 నుంచే రాస్తున్నారు.