వరిలో ఊద: ఆకు మొదట్లో చూస్తే దొరికిపోతుంది

[దృశ్యం: విప్పి పరిచిన నారుకట్ట]
ఈ కట్టలో ఊద అనే గడ్డిజాతి కలుపు మొక్కలున్నాయి. పైనుంచి చూస్తే అన్నీ వరే అనిపిస్తాయి.

[దగ్గరగా: ఆకు, తొడుగు కలిసే చోటు]
ఆకును మెల్లగా వెనక్కి వంచండి. వరికి ఇక్కడ పల్చటి తెల్లపొర లేచి ఉంటుంది, పక్కల నూగుతో చిన్న చెవులుంటాయి. ఊదకు ఈ రెండూ ఉండవు. మొదలు కాస్త చదునుగా, తరచు ఎరుపు తిరిగి ఉంటుంది. రంగొక్కటే నమ్మకండి, కొన్ని వరి రకాలకూ ఆ రంగుంటుంది.

[దృశ్యం: నాటు వేస్తున్న కూలీలు]
"మందు చల్లినా ఊద వచ్చింది" అనే మాటకు కారణం చాలాసార్లు ఈ కట్టే. నాటాక చల్లే మందు మొలకెత్తే గింజను ఆపుతుంది, నారుతో కలిసి వచ్చి నాటుకున్న మొక్కను ఏమీ చేయలేదు. అందుకే నారుమడిలోనే ఏరాలి.

[దృశ్యం: ఇసుకలో మందు కలపడం]
నాటిన 3 నుంచి 5 రోజుల్లో ప్రెటిలాక్లోర్ 50 శాతం ఇ.సి. ఎకరాకు 500 మి.లీ. తీసుకుని, 25 కిలోల పొడి ఇసుకకు పట్టించి చల్లండి. మడిలో పలుచగా నీరుండాలి. చల్లాక నీళ్లు బయటికి వదిలితే మందూ పోతుంది. దమ్ము ఎగుడుదిగుడుగా ఉంటే నీళ్లపైకి తేలిన మెరకల్లో ఊద తప్పక లేస్తుంది.

[దృశ్యం: 3 ఆకుల ఊద]
తప్పించుకున్న ఊదకు నాటిన 15 నుంచి 20 రోజులప్పుడు, అది 2 నుంచి 4 ఆకుల దశలో ఉండగా, బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం ఎస్.సి. ఎకరాకు 100 మి.లీ., 200 లీటర్ల నీటిలో. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 8 మి.లీ., పన్నెండున్నర ట్యాంకులు. ఎనిమిది ట్యాంకులతో ముగిస్తే పొలానికి అందేది 64 మి.లీ. మాత్రమే! ముందు నీళ్లు తీసేసి కలుపు ఆకులు తేలాక, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో కొట్టి, రెండు రోజుల్లో మళ్లీ నీరు పెట్టండి. పిలకలు వేసిన ఊద వాడినట్టు వాడి మళ్లీ చిగురిస్తుంది.

ఏటా ఇదే మందు వాడితే దానికి లొంగని మొక్కలే మిగిలి గింజ కడతాయి. ఒక పంటకు సైహాలోఫాప్ బ్యూటైల్‌కు మారండి. అది గడ్డిజాతినే చంపుతుంది. వెడల్పాకు కలుపు కోసమని అందులో 2,4-డి కలిపితే ఊద మీద దాని పని తగ్గుతుంది.

[దృశ్యం: వరిపైకి లేచిన ఊద కంకులు]
వరి కోతకు ముందే ఊద గింజ రాలుతుంది. కంకి పచ్చిగా ఉండగానే పీకి పొలం బయటికి మోయండి. గట్టు మీద పడేస్తే గింజ మళ్లీ మడిలోకే చేరుతుంది.