స్నోలో మీ ఎస్‌యూవీ కదులుతుంది సరే, ఆగుతుందా? ఖాళీ పార్కింగ్ లాట్‌లో చేసి చూపిస్తున్నా

అందరికీ నమస్కారం అండి. గాలి సౌండ్ కొంచెం వస్తుంది, ఓర్చుకోండి, బయట ఇప్పుడు 18 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది, అంటే మనం ఇండియాలో చెప్పుకునే లెక్కలో మైనస్ 8. నేను ఉండేది మిషిగన్‌లో నోవై, డెట్రాయిట్ పక్కనే. రాత్రి నుంచి పడుతూనే ఉంది, చూడండి, నా బూటు మునిగిపోయింది. ఇది మూతపడిన ఒక స్టోర్ వెనకాల పార్కింగ్ లాట్, ఓనర్‌ని అడిగే వచ్చాం, స్తంభాలు లేవు, కార్లు లేవు, అందుకే ఇక్కడ పెట్టుకున్నా. కెమెరా పట్టుకుంది మా బావమరిది చిన్నా, జనవరిలోనే హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చాడు, పోయిన వారం లైసెన్స్ వచ్చింది, నిజం చెప్పాలంటే ఈ వీడియో ముందు వాడి కోసమే అనుకున్నా, తర్వాత వాడిలాంటి వాళ్ళు చాలామంది ఉంటారు కదా అని రికార్డ్ చేస్తున్నా.

నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్, కాంటన్, ఏ సబ్‌డివిజన్‌కి, అంటే ఏ ఇళ్ళ కాలనీకి వెళ్ళినా తెలుగు వినపడుతుంది, చాలా ఇళ్ళ ముందు ఎస్‌యూవీ కనపడుతుంది. ఎందుకు కొన్నారు అంటే ఒకటే మాట, స్నో కదండీ, ఆల్ వీల్ డ్రైవ్ ఉండాలి కదా అని. నేనూ అలాగే కొన్నా. నా మొదటి వింటర్‌లో, మా సబ్‌డివిజన్ బయటికి వచ్చే దారి కొంచెం పల్లంగా ఉంటుంది, చివర స్టాప్ సైన్, దాని అవతల మెయిన్ రోడ్. బండి ఇంటి ముందు నుంచి వెన్నలాగా కదిలింది, ఒక్క చోట కూడా చక్రం జారి గిర్రున తిరగలేదు, నేను రోడ్డు బాగానే ఉంది అనుకుని 25 మైళ్ళ స్పీడ్‌లో వచ్చా, స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ కింద నుంచి గడగడగడ కొట్టుకుంది, భయమేసి కాలు తీసేశా, బండి అలాగే జారుకుంటూ మెయిన్ రోడ్ మధ్యలోకి వెళ్ళి ఆగింది. వెనక సీట్లో మా పాప, రెండేళ్ళు అప్పటికి. ఆ నిమిషంలో అటు నుంచి ఇటు నుంచి ఏ బండీ రాలేదు. ఇప్పటికీ ఆ స్టాప్ సైన్ దగ్గరికి వస్తే చేతులు స్టీరింగ్ మీద గట్టిగా బిగుసుకుంటాయి.

ఆ రోజు నేను రెండు తప్పులు చేశా, రెండూ ఇవాళ చూపిస్తా.

మొదటిది ఏంటంటే, ఆల్ వీల్ డ్రైవ్ ఏం చేస్తుందో నాకు సరిగ్గా తెలీదు. ఇంజన్ పవర్‌ని రెండు చక్రాలకి కాకుండా నాలుగు చక్రాలకి పంచుతుంది, అంతే. అందుకే స్నోలో కదలడం, ఎత్తు ఎక్కడం తేలిక. కానీ బ్రేకులు? చిన్న సెడాన్‌కైనా బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి కదండీ. ఆపేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ మనకి ఇచ్చే సాయం ఏమీ లేదు. పైగా ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే అన్నిటికన్నా ప్రమాదం అనిపిస్తుంది. టూ వీల్ డ్రైవ్ కారైతే ఇంటి ముందే చక్రం గిర్రున తిరిగి, బాబూ రోడ్డు జారుడుగా ఉంది అని చెప్పేస్తుంది, మీరు అక్కడే జాగ్రత్త పడతారు. ఆల్ వీల్ డ్రైవ్ ఆ సంగతి మీకు తెలియనివ్వదు, హాయిగా 40కి తీసుకెళ్తుంది, రోడ్డు ఎంత జారుడో మీకు మొట్టమొదటిసారి తెలిసేది బ్రేక్ తొక్కినప్పుడు.

అందుకని నేను ఇప్పుడు ఏం చేస్తానంటే, స్నో రోజు బయలుదేరగానే మా వీధిలోనే, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, 10, 15 మైళ్ళ స్పీడ్‌లో ఒకసారి బ్రేక్ కొంచెం గట్టిగా తొక్కి చూస్తా. ఎంత దూరం జారింది, ఏబీఎస్, అంటే బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే సిస్టమ్, వచ్చిందా రాలేదా. రెండు సెకన్ల పని, ఆ రోజు రోడ్డు ఎలా ఉందో కాలికి తెలిసిపోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతా వీడియో చూడకపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం చేయండి.

సరే, లెక్కలు కొంచెం. 30 మైళ్ళ స్పీడ్‌లో ఉన్నారు, బ్రేక్ పడ్డాక, అంటే మనం చూసి తొక్కే టైం వదిలేసి, పొడి రోడ్డు మీద 40, 45 అడుగుల్లో ఆగుతుంది, మూడు కార్ల పొడవు అనుకోండి. అదే తొక్కుడు పడి గట్టిపడిన స్నో మీద సుమారు 120 నుంచి 150 అడుగులు. నున్నటి ఐస్ మీద 300 అడుగులు కూడా పట్టొచ్చు, అంటే 20 కార్లు వరసగా పెట్టినంత. ఇందులో మనకి పనికొచ్చే మాట ఏంటంటే స్పీడ్ సగం చేస్తే దూరం సగం కాదు, పావు వంతు అవుతుంది. 30 బదులు 15లో వస్తే ఆ 300 అడుగులు 75కి వచ్చేస్తాయి.

మా కజిన్ ఒకడు అంటాడు, అన్నా ఎస్‌యూవీ బరువు కదా, నేలని గట్టిగా పట్టుకుంటుంది కదా అని. బరువు ఎక్కువైతే టైరు నేలని ఎక్కువ నొక్కుతుంది, నిజమే, కానీ ఆపాల్సిన బరువు కూడా అంతే పెరిగింది కదా, రెండూ కొట్టుకుపోతాయి. లాభం లేదు. పైగా ఎస్‌యూవీ ఎత్తు ఎక్కువ, పక్కకి జారుతూ వెళ్ళి కర్బ్‌కి, అంటే రోడ్డు అంచు గట్టుకి తగిలితే సెడాన్ కన్నా తిరగబడే అవకాశం ఎక్కువ.

చిన్నా, ఇటు రా, టైరు దగ్గర పెట్టు కెమెరా. ఇంకొంచెం కిందకి. ఆ.

ఇప్పుడు అసలు విషయం. కారుకి నేలకి మధ్య ఉండేది ఇది ఒక్కటే, ఒక్కో టైరు నేలకి తగిలే చోటు మన అరచేయి కన్నా కొంచెం పెద్దది, అంతే. నాలుగు అరచేతుల మీద రెండు టన్నుల బండి. కంపెనీ నుంచి వచ్చేవి మామూలుగా ఆల్ సీజన్ టైర్లు, పేరు చూసి అన్ని కాలాలకీ సరిపోతాయి అనుకుంటాం. రబ్బరు చలికి గట్టిపడుతుంది అండి. మనం పాత హవాయి చెప్పులు తడి గచ్చు మీద వేసుకుని నడిస్తే ఎలా సర్రున జారతాయో, మెత్తగా ఉన్న కొత్త చెప్పు ఎలా పట్టుకుంటుందో, అదే తేడా. సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్, అంతకన్నా కిందకి వెళ్తే మామూలు టైరు పట్టు తగ్గుతూ వస్తుంది. వింటర్ టైరు రబ్బరు వేరే, మైనస్‌లో కూడా మెత్తగానే ఉంటుంది, పైగా ఇదిగో ఈ గళ్ళ మీద సన్నగా బ్లేడుతో కోసినట్టు గీతలు కనిపిస్తున్నాయి కదా, వీటిని సైప్స్ అంటారు, ఒక్కో గీత అంచూ స్నోని కొరికి పట్టుకుంటుంది.

కొనేటప్పుడు పక్కన ఈ గుర్తు చూడండి, మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు. ఇది ఉంటే స్నో మీద టెస్ట్ చేసి పాసైన టైరు అని. ఎమ్ ప్లస్ ఎస్ అని అక్షరాలు మాత్రమే ఉంటే అది గాడి ఆకారాన్ని బట్టి ఇచ్చే గుర్తు, స్నోలో పరీక్ష చేసినట్టు కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ కొండ గుర్తు టెస్ట్ కూడా స్నోలో ముందుకి లాగే పట్టు కొలిచేదే, బ్రేకింగ్ కాదు, ఐస్ కాదు. అందుకే ఆ గుర్తు ఉన్న, ఏడాదంతా వాడే ఆల్ వెదర్ టైరూ, అసలు వింటర్ టైరూ ఒకటే అనుకోకండి.

వేస్తే నాలుగూ వేయండి. ముందు రెండే వేస్తే డబ్బులు మిగిలాయి అనిపిస్తుంది గానీ బ్రేక్ వేసినప్పుడు ముందు పట్టుకుంటుంది వెనక పట్టుకోదు, బండి బొంగరంలా తిరుగుతుంది. నాకు విడిగా రిమ్ములతో కలిపి వెయ్యి డాలర్ల పైనే అయింది, బాధగానే అనిపించింది, కానీ ఆ నాలుగైదు నెలలు మామూలు టైర్లు గరాజ్‌లో అరగకుండా కూర్చుంటాయి, రెండు సెట్లూ ఎక్కువ కాలం వస్తాయి. కెనడాలో క్యూబెక్‌లో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం ఉండాల్సిందే. మిషిగన్‌లో అలాంటి రూల్ లేదు, మనమే ఆలోచించుకోవాలి.

కొనలేని పరిస్థితి, స్టూడెంట్లు ఉంటారు, అర్థం చేసుకోగలను. అప్పుడు కనీసం గాడి లోతు చూసుకోండి. ఒక క్వార్టర్, అంటే 25 సెంట్ల నాణెం తీసి, దాని మీద ఉన్న వాషింగ్టన్ తల కిందకి పెట్టి గాడిలో దూర్చండి, తల పైభాగం మొత్తం కనపడితే 4/32 అంగుళం కన్నా తక్కువ ఉన్నట్టు, స్నోకి అది చాలదు. చాలా రాష్ట్రాల్లో చట్టం 2/32 దాకా ఒప్పుకుంటుంది గానీ అది చట్టం, స్నో కాదు. వాడిన కారు కొంటుంటే టైరు పక్కన ఉండే డాట్ (DOT) నంబర్ చివరి నాలుగు అంకెలు చూడండి, 3619 అంటే 2019లో 36వ వారం తయారైంది అని. గాలి కూడా, ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. స్నోలో పట్టు కోసం గాలి తగ్గించాలి అని కొందరు చెప్తారు, రోడ్డు మీద అది వద్దు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత ఉందో అంత పెట్టండి.

ఇప్పుడు రెండో తప్పు. చిన్నా, కెమెరా స్టాండ్‌కి పెట్టేసి నువ్వు డ్రైవింగ్ సీట్లో కూర్చో. బెల్ట్. ఆ కోన్ కనిపిస్తోంది కదా, 20కి తీసుకెళ్ళి కోన్ దగ్గర బ్రేక్ గట్టిగా తొక్కు, తొక్కి వదలకు.

వెళ్ళు. వెళ్ళు. ఇప్పుడు! తొక్కు, వదలకు, వదలకు!

విన్నారా ఆ గడగడ? "బావా, పెడల్ కాలిని తంతోంది" అంటున్నాడు. అదే ఏబీఎస్ అండి. బ్రేక్ పాడవలేదు. చక్రం బిగుసుకుపోయి జారబోతుంటే సెకనుకి చాలాసార్లు వదిలి పట్టుకుంటోంది, మనం కాలితో అంత వేగంగా చేయలేం. ఇండియాలో పాత కార్లు నేర్చుకున్న వాళ్ళకి బ్రేక్ ఆపి ఆపి కొట్టడం అలవాటు, మా నాన్న నాకు అంబాసిడర్‌లో అలాగే నేర్పారు, ఆ బండికి అది కరెక్టే. ఏబీఎస్ ఉన్న బండిలో అలా చేస్తే దాని పని మనం చెడగొట్టినట్టు. నేను ఆ రోజు కాలు తీసేశానని చెప్పానే, ఆ శబ్దం నాకు తెలీకే. తొక్కి పట్టుకోండి, స్టీరింగ్ తిప్పండి, ఏబీఎస్ ముఖ్యంగా ఇచ్చేది అదే, బ్రేక్‌లో ఉన్నా బండి మీరు తిప్పిన వైపు ఎంతోకొంత వస్తుంది. దూరం మాత్రం ప్రతిసారీ తగ్గిస్తుంది అనుకోకండి, లోతైన వదులు స్నోలో ఏబీఎస్ ఉంటేనే కొంచెం ఎక్కువ దూరం పట్టొచ్చు, ఎందుకంటే బిగుసుకున్న చక్రమైతే ముందు స్నోని గట్టులా పోగేసుకుని దానికి ఆనుకుని ఆగుతుంది.

చూశారా, కోన్ నుంచి ఇక్కడిదాకా వచ్చాడు. అడుగులేసి కొలుస్తా ఆగండి... దాదాపు 55 అడుగులు. 20లోనే.

ఇంకోటి చిన్నా, ఈసారి బ్రేక్ తొక్కుతూ ఒకేసారి కుడికి తిప్పు. చూడండి, ఏబీఎస్ ఉన్నా ముక్కు కొంచెమే తిరుగుతోంది, దాదాపు తిన్నగా వెళ్ళిపోతోంది. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక జేబులో ఉన్న డబ్బులాంటిది, బ్రేక్‌కి ఖర్చు పెడితే టర్న్‌కి మిగలదు. అందుకే స్నోలో మలుపు రాకముందే తిన్నగా ఉన్నప్పుడే స్పీడ్ తగ్గించేసి, బ్రేక్ వదిలి, అప్పుడు తిప్పాలి. ముక్కు తిరగకపోతే ఇంకా ఇంకా తిప్పకండి, గ్యాస్, అంటే యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కొంచెం వెనక్కి తెస్తే టైరు మళ్ళీ పట్టుకుంటుంది. వెనక భాగం పక్కకి పోతుంటే మీరు వెళ్ళాలనుకున్న వైపు చూస్తూ అటే తిప్పండి, ఎదురుగా ఉన్న స్తంభం వైపు చూస్తే చేతులు కూడా అటే పోతాయి.

ఎలక్ట్రిక్ బండ్లు ఉన్నవాళ్ళకి ఒక మాట, గ్యాస్ నుంచి కాలు తీయగానే రీజెన్ బ్రేక్, అంటే మోటారే బండిని నెమ్మది చేసే బ్రేక్ పడుతుంది కదా, జారుడు రోడ్డు మీద అది కూడా బ్రేకే. పాదం ఒక్కసారిగా తీసేయకుండా నెమ్మదిగా తీయండి, మీ బండిలో రీజెన్ తగ్గించే సెట్టింగ్ ఉంటే తగ్గించుకోండి.

హైవే మీద. క్రూజ్ కంట్రోల్, అంటే కాలు తీసినా స్పీడ్ అలాగే ఉంచే సెట్టింగ్, వద్దు. బ్రిడ్జిలు రోడ్డు కన్నా ముందు గడ్డకడతాయి, కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి, అందుకని బ్రిడ్జి ఎక్కకముందే గ్యాస్ తగ్గించండి, పైన బ్రేక్ వేయకండి. రోడ్డు తడిగా కనిపిస్తోంది గానీ ముందు కారు చక్రాల నుంచి నీటి తుంపర రావడం లేదు అంటే అది నీళ్ళు కాదు, బ్లాక్ ఐస్. చలి ఎక్కువైతే జారుడు ఎక్కువ అనుకుంటాం, నిజానికి 32 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సున్నా సెల్సియస్ దగ్గర, కరుగుతూ గడ్డకడుతూ ఉన్న ఐస్ ఇంకా జారుతుంది, పైన సన్నటి నీటి పొర ఉంటుంది కాబట్టి. ఇక మరీ చలిలో, 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందకి పోతే, మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు, ఉప్పు చల్లారు కదా అని ధీమాగా ఉండకూడదు. 2015 జనవరి 9న ఇక్కడే మిషిగన్‌లో, కాలమజూ, బాటిల్ క్రీక్ మధ్య ఐ-94 మీద, స్నోలో 190కి పైగా బండ్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ముందు ఏం జరిగిందో వెనకవాళ్ళకి కనిపించదు, కనిపించేసరికి ఆపడానికి దూరం ఉండదు. ముందు బండికి మీకు మధ్య మామూలుగా మూడు సెకన్లు వదిలితే స్నోలో ఎనిమిది, పది వదలండి. మధ్యలో ఎవడో దూరతాడు, దూరనివ్వండి, మళ్ళీ వెనక్కి తగ్గండి.

ఇరుక్కుపోతే చక్రం గిరగిరా తిప్పకండి, నాట్లేసే మడిలో ట్రాక్టర్ దిగబడినట్టు ఇంకా లోపలికి పోతుంది. కింద స్నో తవ్వి, చక్రం ముందు ఇసుకో, పిల్లుల లిట్టరో, ఏదీ లేకపోతే కాలి మ్యాటో వేసి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. బండిలో హీటర్ వేసుకుని కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ స్నో తీసేయండి, మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన కూడా రాదు.

చిన్నా, వెనక్కి తీసుకురా, ఈసారి 10లో. కోన్ దాటాక ఎంత దూరంలో ఆగుతావో నువ్వే అంచనా చెప్పు, చెప్పాక తొక్కు. అంచనా సరిపోయేదాకా ఇంటికి పోవడం లేదు, మీ అక్క టిఫిన్ వేడి చేసుకుంటుందిలే. కెమెరా బ్యాటరీ అయిపోతోంది అండి, ఉంటాను.